కొత్త టీవీలో బాతులు ఎందుకు పడవు?

ఈ వ్యాసంలో సగం కేబుళ్ళ గురించే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. మిగతా సగం మా మేనత్త గురించి. రెండూ విడివిడిగా రాద్దామని చూశాను గానీ కుదరలేదు, ఎంచేతంటే ఆ కేబుళ్ళన్నీ ఆవిడ కోసమే కొన్నాను.

మనలో చాలామంది ఇళ్ళల్లో అటక మీద ఒక వీడియో గేమ్ డబ్బా ఉంటుంది. తెలుపూ ఎరుపూ ప్లాస్టిక్కు, రెండు రిమోట్లు, ఒక తుపాకీ, "9999999 ఇన్ 1" అని రాసున్న పసుపు క్యాసెట్టు. మన బావలూ అన్నయ్యలూ ఆడినవి. పేరు చూస్తే కోటి ఆటలున్నట్టు ఉంటుంది. లోపల మాత్రం అవే కొన్ని ఆటలు పేరు మార్చుకుని, లెవెల్ మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తాయి. మారియో, కాంట్రా, ట్యాంకులది, సర్కస్‌ది, బాతులది. అది నింటెండో వాళ్ళ సరుకు కాదు. నింటెండో 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌కి నకలు. ఈ నకళ్ళు తైవాన్‌లో, చైనాలో తయారై ప్రపంచమంతా తిరిగాయి. రష్యాలో దానికి డెండీ అని పేరుంది. మా వీధిలో ఎవరూ ఏ పేరూ పెట్టలేదు, టీవీ గేమ్ అన్నారు, అంతే.

దాన్ని కిందకి దింపి ఇప్పటి టీవీకి పెట్టి చూడండి. నీలం తెర వస్తుంది, "సిగ్నల్ లేదు" అని. లేదా బొమ్మ వస్తుంది, కానీ తెలుపు నలుపులో. లేదా రంగుల్లోనే వస్తుంది, కానీ మారియో రోడ్డు రోలర్ కింద పడ్డట్టు అడ్డంగా సాగిపోయి ఉంటాడు. అన్నీ సరిగ్గా ఉన్నా, మీరు ఎగరమని నొక్కాక కాసేపు ఆలోచించి ఎగురుతాడు. ఈలోపు గోతిలో పడతాడు. చాలామంది ఇక్కడే "పాతదైపోయింది, పాడైపోయింది" అని పారేస్తారు. డబ్బాకి ఏ రోగమూ లేకపోవచ్చు. టీవీకీ లేదు. ఒకరు మాట్లాడేది ఇంకొకరికి అర్థం కావట్లేదు, అంతే.

ఇక అత్త సంగతి. మా మేనత్త 1997లో కువైట్ వెళ్ళింది, ఇంటిపనికి. మలికిపురం, రాజోలు వైపు వాళ్ళకి ఇందులో వింతేమీ లేదు, మా ఒక్క వీధి నుంచే అప్పట్లో నలుగురు ఆడవాళ్ళు అక్కడ ఉన్నారు. బావకి అప్పుడు ఏడేళ్ళు, మామ్మ దగ్గర పెరిగాడు. 1999లో ఊరికొస్తున్న పక్కింటావిడ చేత అత్త ఈ గేమ్ పంపించింది. తను రాలేదు. రెండేళ్ళకోసారి సెలవు, అదీ ఆ ఇంటివాళ్ళు ఇస్తేనే. ఫోన్ చేస్తే నిమిషాల్లో డబ్బు కరిగిపోయేది, అంచేత మాటలు ఆడియో క్యాసెట్లో రికార్డు చేసి వెళ్ళేవాళ్ళ సంచిలో పెట్టి పంపుకునేవారు. అలా బావ ఒకటి పంపాడు. టేప్ రికార్డర్ టీవీ పక్కన పెట్టి, గేమ్ ఆడుతూ, ఆడుతున్నంతసేపూ వాళ్ళమ్మకి చెప్తూనే ఉన్నాడు. "ఇప్పుడు గొట్టంలోకి దిగుతున్నానమ్మా." "ఇదిగో, బాతు లేచింది, లేచింది, కొట్టేశా." ఒక వైపంతా మారియో, రెండో వైపంతా బాతులు.

ఆ క్యాసెట్టు అత్త అక్కడి వంటగదిలో ఎన్నిసార్లు విందో లెక్క లేదు. కానీ ఆ గేమ్ ఆడుతుండగా ఒక్కసారీ చూడలేదు. తను సెలవుకి వచ్చేసరికి టీవీ పిక్చర్ ట్యూబ్ పోయి ఉంది. తర్వాతి సెలవుకి బావ హాస్టల్లో ఉన్నాడు. ఆ తర్వాత డబ్బా అటకెక్కింది. పోయినేడు అత్త పూర్తిగా వచ్చేసింది. వచ్చిన నెల్లాళ్ళకి ఇల్లు దులుపుతుంటే డబ్బా కిందకి దిగింది. "కంప్యూటర్లు చదువుతున్నావు కదరా, ఇది ఆడించి చూపించు" అంది.

సీఎస్ఈ చదివేవాడికి టీవీ బాగుచేయడం వచ్చి తీరాలని మన జిల్లాల్లో ఒక గట్టి నమ్మకం. ఫ్యాన్ రెగ్యులేటరూ ఇన్వర్టరూ కూడా మన సిలబస్సే.

ముందు డబ్బా పని. సముద్రపు గాలికి లోపలి రాగి అంతా చిలుము పట్టి పచ్చగా ఉంది. క్యాసెట్టు కాళ్ళు పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. (అందరూ చేసినట్టు నోటితో ఊదకండి. నోటి తడికి చిలుము ఇంకా పెరుగుతుంది.) అడాప్టర్ 9 వోల్టులది. ఈ నకలు డబ్బాల్లో ప్లస్ లోపలుందో బయటుందో ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, అంచేత మల్టీమీటర్‌తో చూసుకుని పెట్టాలి. ఎర్ర లైటు వెలిగింది. లోపల విప్పి చూస్తే చిప్పులంటూ విడిగా లేవు, బోర్డు మధ్యలో నల్లటి జిగురు బొట్టు ఒకటుంది. అసలు మెషీన్‌లో పదార్థమంతా, అంటే ప్రాసెసరూ బొమ్మలు గీసే చిప్పూ, ఆ ఒక్క బొట్టు కిందే.

ఆ బొట్టు ఏం పంపిస్తుందో ఇక్కడ కాస్త చెప్పాలి, మిగతా గొడవంతా అక్కడినుంచే పుట్టింది. మనం ఇప్పుడు బొమ్మ అంటే ఒక ఫైల్ అనుకుంటాం, ఇన్ని పిక్సెళ్ళు అడ్డం, ఇన్ని నిలువు. ఆ డబ్బాకి బొమ్మని దాచుకునేంత మెమరీయే లేదు. గీత తర్వాత గీత, అప్పటికప్పుడు తయారుచేస్తూ వైరులోకి వదిలేస్తుంది. అవతల పాత టీవీలో ఒక ఎలక్ట్రాన్ కిరణం, వైరులో ఏమొస్తే అది, వచ్చిన క్షణంలోనే తెర మీద గీసేస్తుంది. దానికీ మెమరీ లేదు. మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకి 15,625 గీతలు, అంటే గీతకి 64 మైక్రోసెకన్లు. డబ్బా గీత మొదలెట్టినప్పుడు టీవీ గీత మొదలెడుతుంది. ఇద్దరూ ఒకే తాళానికి నడుస్తారు, అంతకు మించి ఒప్పందం ఏమీ లేదు.

దూరదర్శన్ లాంటి ప్రసారంలో బొమ్మకి 625 గీతలు, కానీ ఒకేసారి రావు. నాట్లు వేసేటప్పుడు ఒక మనిషి వరస విడిచి వరస నాటుకుంటూ పోయి, రెండోసారి వచ్చి మధ్య వరసలు నింపుకుంటూ వెళ్ళాడనుకోండి, అలాగ. ఒక విడతకి 312న్నర గీతలు. ఆ అర గీత ఉండబట్టే రెండో విడత మొదటి దాని సందుల్లో పడుతుంది. మన గేమ్ డబ్బా ఏం చేస్తుందంటే, ఆ అర గీత ఎగ్గొట్టేసి సరిగ్గా 312 పంపుతుంది. దాంతో ప్రతి విడతా పాత వరసల మీదే పడుతుంది. సందులు ఖాళీగా నల్లగా ఉండిపోతాయి, బొమ్మ మాత్రం ఊగకుండా నిలబడుతుంది. ఇది ప్రసార నియమాల్లో లేని పని, ఒక చిన్న దొంగ దారి. పాత టీవీకి నియమాలతో పని లేదు కాబట్టి గీసేసింది.

కొత్త టీవీ అలా కాదు. అది ముందు సిగ్నల్ మొత్తం మెమరీలోకి తీసుకుని, ఇది ఏ రకం, ఏ దేశపుది, ఏ రంగు పద్ధతి అని తేల్చుకుని, తన తెరకి సరిపడా మళ్ళీ తయారుచేసి, అప్పుడు చూపిస్తుంది. డబ్బా పంపే 312 గీతల వ్యవహారం దాని లిస్టులో ఉండదు. దగ్గర్లో ఉన్నది వరస విడిచి వరస ప్రసారం కాబట్టి, ఇదీ అదే అనుకుని రెండు విడతల్నీ కలిపి అల్లేస్తుంది. అల్లకూడనిది అల్లడం వల్ల కదిలే బొమ్మల అంచులకి దువ్వెన పళ్ళు మొలుస్తాయి. ఈ మెషీన్ ఒక గీత మీద ఎనిమిది కదిలే బొమ్మలకి మించి చూపించలేదు, అంచేత ఎక్కువైనప్పుడు ఆటలు వాటిని ఒక ఫ్రేములో కొన్ని, ఇంకో ఫ్రేములో కొన్ని చూపించి నెట్టుకొస్తాయి. పాత తెర మీద అది చిన్న మినుకు. అల్లికలో పడితే కాంట్రాలో తూటా చారలైపోతుంది, లేదా మాయమే. కనిపించని తూటాకి చచ్చిపోవడం ఎంత కోపం తెప్పిస్తుందో ఆడినవాళ్ళకి తెలుసు.

ఇక కేబుళ్ళు. మొదట యాంటెన్నా వైరు దారి. మా టీవీలో పాత రకం ట్యూనర్ కూడా ఉంది, ఛానెల్ వెతికితే చుక్కల వానలో మారియో ఒక్క క్షణం కనిపించి నీలం తెర వచ్చేసింది. సిగ్నల్ బలహీనంగా ఉందని టీవీయే తెర మూసేస్తోంది. రెండోది ఏవీ దారి, పసుపూ తెలుపూ పిన్నులు. గోడ టీవీకి ఆ రంగుల బొక్కలు లేవు, పక్కన హెడ్‌ఫోన్‌ది లాంటి బొక్క ఒకటి ఉంది. దానికి మూడు రంగుల చిన్న కేబుల్ కొనాలి. కొన్నాను, తెర నల్లగా, స్పీకర్‌లో గుయ్‌మని. ఆ పిన్నుకి నాలుగు పట్టీలుంటాయి, ఏ పట్టీ వీడియోకో కంపెనీకొకలా ఉంటుంది. గేమ్ నుంచి వచ్చే పసుపు పిన్ను తీసి ఎర్ర బొక్కలో పెడితే బొమ్మొచ్చింది! మీకెవరికైనా ఇలాంటి కేబుల్ పనిచేయకపోతే పారేసే ముందు ఇది చేసి చూడండి. వచ్చిన బొమ్మ తెలుపు నలుపు. సెట్టింగుల్లో కలర్ సిస్టమ్ "ఆటో" తీసి "పాల్" పెడితే రంగొచ్చింది. 16:9 తీసి 4:3 పెడితే మారియో మళ్ళీ మనిషి ఆకారంలోకి వచ్చాడు.

ఆ కేబుల్ కోసం తిరిగిన రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది. అప్పటిదాకా అత్తకి చూపిద్దామని ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టి మారియో ఆడాను. హెచ్‌డీ తెర, ఒక్క చార లేదు. అత్త కాసేపు చూసి, కళ్ళు మూసుకుని విని, "ఇది కాదురా" అంది.

"ఇదే అత్తా. ప్రపంచమంతా ఇదే మారియో."

"కాదు. ఇది ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతోంది. మావాడిది ఇలా ఉండదు."

బీరువాలోంచి క్యాసెట్టు తీసుకొచ్చింది. మామ్మ భక్తి పాటలు వినే టేప్ రికార్డర్ ఇంకా పనిచేస్తోంది. పెట్టాం. నిజమే, పాట నిదానంగా ఉంది. టేపు సాగిపోయిందేమో అనొచ్చు. కానీ టేపు నిదానంగా తిరిగితే గొంతు కూడా బొంగురుపోవాలి, స్వరం దిగాలి. ఇక్కడ స్వరం దాదాపు అదే, నడక ఒక్కటే నిదానం. ఎనిమిదేళ్ళ బావ గొంతు కూడా సన్నగా సరిగ్గానే ఉంది.

అప్పుడు వెలిగింది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకి అరవై విడతలు గీస్తాయి. మనవీ, కువైట్‌వీ, యూరప్‌వీ యాభై. ఈ ఆటల్లో కాలం అంటే ఫ్రేములే, విడతకి ఒక అడుగు, పాట కూడా ఆ లెక్క మీదే నడుస్తుంది. అరవై కోసం రాసిన ఆటని యాభై కొట్టే డబ్బాలో పెడితే అంతా ఆరింట అయిదో వంతు వేగంతో నడుస్తుంది. స్వరం మాత్రం ప్రాసెసర్ గడియారం మీద ఆధారపడుతుంది. అది అసలు మెషీన్‌లో 1.79 మెగాహెర్ట్జ్, పాల్ నకలులో 1.77. తేడా నూటికి ఒకటి కూడా లేదు, చెవికి అందదు. అంచేత నడక తగ్గింది, స్వరం తగ్గలేదు.

సరిచూడ్డం తేలిక. మారియోలో పైన కుడివైపు టైము 400 నుంచి దిగుతుంది కదా, 24 ఫ్రేములకి ఒకటి చొప్పున. అరవై లెక్కన వంద తగ్గడానికి 40 సెకన్లు పట్టాలి, యాభై లెక్కన 48. ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. ల్యాప్‌టాప్‌లో నలభై. అత్త డబ్బాలో నలభై ఎనిమిది. అంటే మన వైపు ఇలాంటి డబ్బాల మీద పెరిగినవాళ్ళ చెవుల్లో ఉన్న మారియో, జపాన్ పిల్లల మారియో కంటే నెమ్మది. వాళ్ళు 160 సెకన్లలో అయిపోయే లెవెల్ టైముని మనవాళ్ళు 192 సెకన్లు వాడుకున్నారు. ఇంటర్నెట్‌లో ఉండే వీడియోలన్నీ అరవైవే, కాబట్టి మన బావలకి ఇప్పుడవి వింటే ఏదో తేడాగా ఉందని అనిపిస్తే అది ముసలితనం కాదు.

ఎమ్యులేటర్ సెట్టింగుల్లో రీజియన్ అని ఉంటుంది, అందులో "డెండీ" అని ఒక ఆప్షన్ ఉంటుంది, సరిగ్గా ఈ నకళ్ళ కోసం. పెట్టాను. అత్త నాలుగు సెకన్లు విని "ఆఁ, ఇదీ" అంది. పాతికేళ్ళు వంటగదిలో విన్న చెవి అది. ఏ సాఫ్ట్‌వేరూ అంత తొందరగా పట్టదు.

ఈ యాభై-అరవై గొడవ కన్వర్టర్ల దగ్గర మళ్ళీ వస్తుంది. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బాలు ఐదారు వందలకి దొరుకుతాయి. కొనేటప్పుడు పేరు రెండుసార్లు చదవండి, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేవి కూడా అచ్చం అలాగే ఉంటాయి, షాపులో నాకు మొదట అదే ఇచ్చారు. నేను తెచ్చింది ఏది పంపినా అరవైకి మార్చి పంపుతుంది. లేని పది ఫ్రేములు ఎక్కడినుంచి తెస్తుంది? అయిదు ఫ్రేములకొకసారి ఒకదాన్ని రెండుసార్లు చూపిస్తుంది. మారియో పరిగెడుతుంటే నేల కుదుపులు కుదుపులుగా జరుగుతుంది, గోతుల రోడ్డు మీద ఆటోలా. ఈ పని సరిగ్గా చేసే పరికరాలు లేకపోలేదు. రెట్రోటింక్ అని ఒకటుంది, పాత కన్సోళ్ళ కోసమే చేసింది. ఓఎస్ఎస్‌సీ అని ఇంకోటుంది, ఓపెన్ సోర్సు. ఇది నాకు బాగా నచ్చింది, ఫ్రేమంతా దాచుకోకుండా ఒక్క గీత తీసుకుని దాన్నే రెండుసార్లో మూడుసార్లో పంపేస్తుంది, అంతే. కానీ దానికి పసుపు పిన్ను సిగ్నల్ నేరుగా ఎక్కదు. రెండూ బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి, రెండింటి ధరా మా డబ్బా ధరకి ఎన్నో రెట్లు. స్టూడెంట్ బడ్జెట్‌లో వద్దనుకున్నా.

కాబట్టి నేరుగా టీవీకే పెట్టి, ఆలస్యం ఎంతో కొలిచాను. ఫోన్‌లో స్లోమోషన్ సెకనుకి 240 ఫ్రేములు తీస్తుంది. వేలూ తెరా రెండూ పడేలా తీసి, బటన్ నొక్కిన దగ్గర్నుంచి మారియో కాలు లేచేదాకా ఫ్రేములు లెక్కపెట్టడమే. మా టీవీలో ముప్ఫై దాకా వచ్చాయి, అంటే సెకనులో ఎనిమిదో వంతు. గేమ్ మోడ్ పెట్టాక పదిహేడు. మారియోకి ఇది చాలు, అలవాటు పడిపోతాం. అత్త మారియో చూసింది, గొట్టంలోకి దిగినప్పుడు "ఇదేనా గొట్టం" అని నవ్వింది. తర్వాత తుపాకీ చేతికిచ్చి "ఇంక బాతులు" అంది.

బాతులు లేచాయి. కాల్చాను. ఒక్కటీ పడలేదు. ఇంచు దూరంలో పెట్టి కాల్చినా పడలేదు. అత్త "ఎందుకు పడట్లేదురా, మావాడికి పడ్డాయి కదా" అని అడిగింది.

తుపాకీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది. అది తెర మీదకి ఏమీ పంపదు. దాని గొట్టంలో వెలుతురు పసిగట్టే చిన్న కన్ను ఉంది, అంతే. మీరు నొక్కగానే ఆట ఒక ఫ్రేము తెర మొత్తం నల్లగా చేస్తుంది. వెంటనే తర్వాతి ఫ్రేములో బాతు ఉన్నచోట ఒక తెల్ల చదరం గీస్తుంది. ఆ ఫ్రేములో తుపాకీ కంటికి చీకటి పోయి వెలుతురు కనిపిస్తే తగిలినట్టు. మొత్తం వ్యవహారం సెకనులో ఇరవై అయిదో వంతులో అయిపోతుంది, మనకి చిన్న మెరుపులా కనిపిస్తుంది. కొత్త టీవీ ఆ తెల్ల చదరాన్ని కూడా శ్రద్ధగా చూపిస్తుంది, కానీ అన్నీ ఆలోచించుకుని మూడు నాలుగు ఫ్రేముల తర్వాత. అప్పటికి ఆట అడగడం ఆపేసింది. దానికి తోడు అసలు నింటెండో తుపాకీ మామూలు బల్బుల వెలుతురుకి మోసపోకుండా పాత టీవీ గీతల వేగానికి, అంటే సెకనుకి పదిహేను వేల చిల్లర సార్లు మినుక్కుమనే వెలుతురుకే స్పందించేలా చేశారు. ఎల్ఈడీ తెరలో అలా గీతకొకసారి వెలిగి ఆరేది ఏదీ లేదు. గేమ్ మోడ్ కాదు కదా, వేలు పోసి కొన్న కన్వర్టర్ కూడా ఇక్కడ పనికిరాదు. తుపాకీ టీవీని చూడట్లేదు, ఆ కిరణాన్ని చూస్తోంది. కిరణం లేని టీవీలో బాతు చావదు.

ఎమ్యులేటర్‌లో మౌస్‌తో కాల్చొచ్చు. అత్తకి చూపించాను. "ఇది నేను పంపింది కాదు కదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అంచేత పాత టీవీ వేట. రాజోలులో ఒక మెకానిక్ గారి దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు ఫోన్ గ్లాసులు మారుస్తారు, కానీ హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీల కాలంలో పని నేర్చుకున్న మనిషి. తుపాకీ చూడగానే మొహం వెలిగిపోయింది. "పాత టీవీ మన ఊరి పాలేరు లాంటిదండి, చెప్పింది చేసేస్తుంది. ఇప్పుడు వచ్చేవి ఆఫీసర్లండి, కాగితం సరిగ్గా లేకపోతే కదలవు" అన్నారు. ఇంజనీరింగ్ పుస్తకంలో ఈ తేడా ఇంత పొట్టిగా నాకు దొరకలేదు. ఆయన దగ్గర సెట్టు లేదు, అన్నీ పాత సామాన్ల వాళ్ళకి పోయాయి. "కనిపిస్తే మూత మాత్రం విప్పకు బాబూ, ప్లగ్గు పీకినా ట్యూబులో వేల వోల్టులు నిలవుంటాయి" అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. మీకూ చెప్తున్నా.

చివరికి నరసాపురంలో అమ్మ వాళ్ళ పిన్ని ఇంట్లో దొరికింది. 21 అంగుళాలది, మంచం కింద, దుప్పటి కప్పి. "తీసుకెళ్తే పుణ్యం" అన్నారు అమ్మమ్మగారు. ఇరవై కిలోలు పైనే ఉంటుంది, బరువంతా ముందు గాజులోనే, పట్టుకుంటే ముందుకి తూలుతుంది. నరసాపురం రేవు దాకా ఆటో, అక్కడ పంటు ఎక్కించి, గోదావరి దాటి సఖినేటిపల్లిలో దించి, మళ్ళీ ఆటో. పంటు మీద ఒక పెద్దాయన "ఇప్పుడు ఇది ఎవరు కొంటారండీ" అన్నారు. అమ్మడానికి కాదు, తెచ్చుకుంటున్నానంటే జాలిగా చూశారు.

మెకానిక్ గారే వచ్చి దుమ్ము దులిపి, లోపల ఏవో రెండు కెపాసిటర్లు మార్చి, స్టెబిలైజర్ మీద పెట్టించారు. ఏవీ పిన్నులు పెట్టాం. సెట్టింగు ఏమీ లేదు. స్విచ్చి వేస్తే తెర మెల్లగా వేడెక్కి, మెనూ వచ్చేసింది. స్లోమోషన్‌లో కొలిస్తే బటన్‌కీ ఎగురుడికీ మధ్య తొమ్మిది ఫ్రేములు, అందులో ఎక్కువ భాగం ఆట తను తీసుకునేదే. పైనా కిందా నల్ల పట్టీలు ఉన్నాయి, అది సహజమే. అడుగున్న 240 గీతలూ పాల్ తెర ఎత్తుకి చాలవు.

బావ సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళు, బట్టతల మొదలైంది. మొదట "ఎందుకురా ఈ గోల" అన్నాడు గానీ తుపాకీ చేతికి రాగానే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, ఎప్పుడూ కూర్చునే చోటే అట. అత్త వెనకాల మంచం మీద. మొదటి బాతు పడింది.

అత్త ముందుకి వంగి చూసింది. "ఇంత చిన్నదా?" అంది. కాసేపాగి, "నల్లగా ఉందేంట్రా. నేను తెల్లది అనుకున్నాను."

బావ ఏమీ అనలేదు. రెండోది లేచింది. "ఇదిగోమ్మా, కుడివైపు, లేచింది, లేచింది" అన్నాడు, తెలిసో తెలియకో, క్యాసెట్లో ఉన్నట్టే. అది తప్పిపోయింది. గడ్డిలోంచి కుక్క లేచి పళ్ళికిలించి నవ్వింది. ఆ నవ్వు క్యాసెట్లో కూడా ఉంది, అత్త దాన్ని ఇన్నేళ్ళూ ఆట అయిపోయిన గంట అనుకుంది.

"ఆ కుక్కేనా అలా కూసేది?" అని తుపాకీ లాక్కుని దాన్ని కాల్చింది. ఏమీ అవ్వలేదు.

"దాన్ని కాల్చడం కుదరదత్తా" అన్నాను.

"కుదరకపోవడమేంటి, కంప్యూటర్లు చదువుతున్నావు కదా, కుదిరేలా చెయ్యి" అంది.

ఆ రోమ్ ఫైల్ తెరిచి కూర్చున్నాను, సెలవులైపోయే లోపు చూడాలి. టీవీ వీధి గదిలో ఉంది. ఆడాలనుకున్నవాళ్ళు మలికిపురం వైపు వస్తే చెప్పండి. తుపాకీ ఒక్కటే ఉంది, అత్త తర్వాతే ఎవరైనా.